ఎన్‌కౌంటర్ మృతులను వెంటనే ‘మావోయిస్టులు’ అని రాయవచ్చా?

ప్రశ్న: కాల్పులు జరిగిన మర్నాడే, మృతుల వివరాలు తేలకముందే, పోలీసు ప్రకటన ఆధారంగా వారిని మావోయిస్టులని పత్రికలు, టీవీలు పేర్కొనడం సబబేనా? ఛత్తీస్‌గఢ్‌లోని సార్కెగూడలో 2012లో జరిగిన కాల్పుల ఘటనను దృష్టిలో ఉంచుకుని సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

మొదటి సభ్యుడు: సబబేనని నా అభిప్రాయం. అర్ధరాత్రి అడవిలో కాల్పులు జరిగే చోటికి ఏ విలేకరీ వెళ్లలేడు. దళ సభ్యుడికి యూనిఫాం ఉంటుంది గానీ, ఆ దళానికి కబురు మోసే మిలీషియా మనిషి ఊళ్లో అందరిలాగే ఉంటాడు. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోనే తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. అలాంటి చోట పనిచేసేవారి మాటను మొదటే శంకిస్తే వారి మనోధైర్యం ఏమవుతుంది?

రెండవ సభ్యుడు: జవాన్ల మరణాలను ఎవరూ తేలికగా తీసుకోలేరు. కానీ సార్కెగూడలో తేలిన విషయాలను చూడండి. బీజాపూర్ జిల్లాలోని ఆ ఊళ్లో 2012 జూన్ 28 రాత్రి మొదలైన సీఆర్పీఎఫ్, ఛత్తీస్‌గఢ్ పోలీసుల చర్యలో మైనర్లతో సహా 17 మంది చనిపోయారు. దాన్ని మావోయిస్టులపై పెద్ద విజయంగా ప్రకటించారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నామని గ్రామస్తులు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. 2019లో బయటికి వచ్చిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక, మృతులు మావోయిస్టులనడానికి గానీ, గ్రామస్తులు కాల్పులు జరిపారనడానికి గానీ ఆధారం లేదని, జవాన్ల గాయాలకు తోటివారి తూటాలే కారణమై ఉండవచ్చని చెప్పింది. అంతకంటే ముఖ్యంగా, 17 మందిలో ఒకరిని చంపింది రాత్రి కాదు, మర్నాడు ఉదయం. చీకట్లో ఎవరు ఎవరో తెలియలేదన్న వాదన ఆ ఒక్క మరణానికైనా వర్తించదు కదా! మొదటి రోజు శీర్షిక చదివినవారిలో ఏడేళ్ల తర్వాత ఆ నివేదిక వార్త ఎందరి కంటపడి ఉంటుంది?

మావోయిస్టుల ప్రకటనలకూ ఇదే కొలత ఉండాలి. ఒక ఆదివాసీని ఇన్‌ఫార్మర్ అని చంపి కరపత్రం వదిలిపెడితే, దాన్ని రుజువైన నేరంలా అచ్చువేసే వార్తలు మన తెలుగు పత్రికల్లోనూ కనిపిస్తాయి. ఆ ఇంటివారు అతని గురించి ఏమంటున్నారో రెండు వాక్యాలు కూడా ఉండవు. ఇది నన్ను చాలా బాధిస్తుంది.

మొదటి సభ్యుడు: ‘పోలీసుల కథనం ప్రకారం’ అని విలేకరులు రాస్తూనే ఉన్నారు. ఇంతకంటే ఏం చేయాలంటారు?

రెండవ సభ్యుడు: ఆ మాట వార్త లోపల మూడో పేరాలో ఉంటే చాలదు, శీర్షికలోనే ఉండాలి. మావోయిస్టులతో పోరు యుద్ధం కాదు, శాంతిభద్రతల సమస్య అని ప్రభుత్వాలు అంటున్నాయి. అలాగైతే ప్రతి మరణమూ చట్టం ముందు ఒక కేసే. ఎన్‌కౌంటర్ మరణాలపై ఎఫ్ఐఆర్ నమోదు కావాలని, దర్యాప్తును సీఐడీ గానీ వేరే పోలీసు స్టేషన్ బృందం గానీ చేయాలని, మెజిస్టీరియల్ విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ ఎవరి మీద పెట్టారు, దర్యాప్తు ఏ బృందానికి అప్పగించారు అని అడగడానికి విలేకరి అర్ధరాత్రి అడవిలోకి వెళ్లనక్కరలేదు, జిల్లా కేంద్రంలోనే అడగవచ్చు. వచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ సంగతిని, మొదటి వార్త వేసిన పేజీలోనే వేయాలి.