లీవ్ పెట్టినా తగ్గట్లేదు, ఇది వర్క్ ప్రెషరా డిప్రెషనా?

నిద్రలేని_రాత్రి: హాయ్ అండి. టీమ్‌లో ఇద్దరు మానేసినప్పటి నుంచి వాళ్ళ పని కూడా నా మీదే పడింది, ఇంటికొస్తే వంట, పాప హోంవర్క్, పడుకుందామంటే రేపటి మీటింగ్ గుర్తొచ్చి గుండె దడ. స్ట్రెస్సేలే అనుకుని వారం లీవ్ పెట్టా, ఏం మారలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, తల దువ్వుకోడానికి కూడా ఓపిక లేదు, మెయిల్ ఓపెన్ చేసి అదే లైన్ మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చుంటున్నా. ఏడుపు కూడా రావట్లేదు, అదో విచిత్రం. మా ఆయన జాబ్ మానెయ్ అంటాడు, అమ్మేమో మేం చెయ్యలేదా ఇవన్నీ అంటుంది. మానేస్తే తగ్గుతుందా? టాబ్లెట్లు మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలా?

పొద్దుతిరుగుడు: రోజూ పొద్దున్నే వాకింగ్ చెయ్యండి, పాజిటివ్‌గా ఆలోచించండి, అన్నీ సర్దుకుంటాయి. ఎక్కువ ఆలోచించకండి.

రెండో_ఇన్నింగ్స్: వాకింగ్ మంచిదే, ఎవరూ కాదనరు, కానీ మంచం దిగడానికే అరగంట పడుతున్న మనిషికి పాజిటివ్‌గా ఉండు అంటే ఇంకా గిల్టీగా అనిపిస్తుందండి, నేనూ ఇది పడ్డదాన్నే. చెల్లీ, నువ్వు రాసినవాటిలో నాకు గట్టిగా తగిలింది లీవ్ సంగతే. ఉత్త పని ఒత్తిడైతే నాలుగు రోజులు దూరంగా ఉంటే కొంచెమైనా తేలికపడతాం, డిప్రెషన్ అయితే సెలవులోనూ మన వెంటే ఉంటుంది. ఇప్పుడే రిజైన్ చెయ్యకు, ఈ మూడ్‌లో అన్నీ చెడ్డగానే కనిపిస్తాయి, ముందు లీవ్ పొడిగించుకో. డాక్టర్ సర్టిఫికెట్‌లో జబ్బు పేరు లేకుండా ఇస్తారేమో అడిగి చూడు, ఒక్కో చోట ఒక్కో రూల్. నేను కోలుకున్నాక కూడా ఒకేసారి ఫుల్ టైమ్ వెళ్ళలేదు, సగం పూటతో మొదలుపెట్టా, అయినా మధ్యలో మళ్ళీ ఒక పాడు వారం వచ్చింది, ఇక ఇంతే అనుకున్నా, కానీ అదీ పోయింది.

కౌన్సెలర్_ఒకరు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని, అంటే తగ్గని పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడాన్ని, జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా ఐసీడీ-11 అనే తన జబ్బుల వర్గీకరణలో పెట్టింది. డిప్రెషన్ అలా కాదు, అది జబ్బే, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. డిప్రెషన్ లక్షణాలు చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని 9 ప్రశ్నలుంటాయి, గత 2 వారాల గురించి అడుగుతాయి, మొత్తం స్కోరు 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్‌ని కలవాల్సిందే అనుకోండి, కానీ అదొక్కటే డయాగ్నోసిస్ కాదు. థైరాయిడ్, రక్తహీనత, బి12 టెస్టులు కూడా చేయించండి, వీటివల్ల కూడా ఇలాంటి నీరసమే వస్తుంది. టాబ్లెట్ల గురించి: పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు. బాగయ్యాక కూడా సాధారణంగా కనీసం 6 నెలలు వాడమంటారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. చాలామందికి జీవితాంతం అక్కర్లేదు. బాగుందని మీ అంతట మీరే టక్కున ఆపేస్తే మాత్రం తల తిరగడం, చిరాకు రావచ్చు. తీవ్రత అంత లేకపోతే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) లాంటి థెరపీతోనే తగ్గొచ్చు. ఒకటి అడగాలి, బతకాలని లేదు అనిపిస్తోందా? అనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఇప్పుడే ఇంట్లో చెప్పి హాస్పిటల్‌కి వెళ్ళండి.

నిద్రలేని_రాత్రి: లేదండి, అంతదూరం రాలేదు, మాయమైపోతే బాగుండు అనిపిస్తుంది అప్పుడప్పుడు అంతే. శుక్రవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. మా ఆయన్ని లోపలికి తీసుకెళ్ళొచ్చా?

రెండో_ఇన్నింగ్స్: ఆ మాయమైపోవాలనే మాట కూడా డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పు, 'అంతే' అని తీసెయ్యకు. శుక్రవారం లోపు ఎక్కువైతే ఆగొద్దు, వెంటనే వెళ్ళు. ఆయన్ని తప్పకుండా తీసుకెళ్ళు, ఎలా ఉన్నావమ్మా అంటే మనం అలవాటుగా 'బానే ఉన్నా' అనేస్తాం, ఆయన చూసినవి ఆయన చెప్తాడు. కాసేపు ఒంటరిగా కూడా మాట్లాడతానని డాక్టర్‌ని అడుగు. నిద్ర, మెయిల్ సంగతి ఇవన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్ళు, అక్కడ సగం గుర్తురావు.