చిన్న పనికీ ప్యాకేజీ వేయాలా, బ్రౌజర్‌లో ఉన్నది చాలదా?

కృష్ణాతీరం:

నిన్న మా ఆఫీసులో ఒక చిన్న పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో ఈ మార్పు కలపమని అడగడం) మీద గంటకు పైగా వాదన నడిచింది. మీ మాట కూడా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

ఇన్‌వాయిస్ పేజీలో మొత్తం సొమ్మును మన పద్ధతిలో, లక్షల దగ్గరా కోట్ల దగ్గరా కామాలు పెట్టి చూపించాలి. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి దానికోసం ఎన్‌పీఎం నుంచి ఒక ప్యాకేజీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన జావాస్క్రిప్ట్ కోడ్, వేశాడు. నేను ఒప్పుకోలేదు. బ్రౌజర్‌లోనే అంకెలను ఆయా భాషల పద్ధతిలో రాసే ఇంటల్ నంబర్‌ఫార్మాట్ ఉంది కదా. భాష టీఈ-ఐఎన్ అని, కరెన్సీ ఐఎన్ఆర్ అని చెబితే 1234567ని ₹12,34,567.00 అని అదే రాసి ఇస్తుంది. ఒక్క లైను పని. "గూగుల్‌లో వెతికితే మొదట ప్యాకేజీయే వచ్చింది సార్, ఇది ఉందని తెలీదు" అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. అమీర్‌పేట కోచింగ్‌లోనైనా, యూట్యూబ్‌లోనైనా మనవాళ్లు నేర్చుకునేది ముందు ఇన్‌స్టాల్ చేయడమే.

నా ఉద్దేశం సూటిగా చెబుతాను. ప్యాకేజీ వేసే ముందు బ్రౌజర్‌లో ఏముందో చూడటం టీమ్‌లో నియమంగా ఉండాలి. ఆబ్జెక్ట్‌ను లోపలిదాకా కాపీ చేసే స్ట్రక్చర్డ్‌క్లోన్ 2022 నాటికే పెద్ద బ్రౌజర్లన్నింటిలోకీ వచ్చేసింది. జాబితాను గుంపులుగా విడగొట్టడానికి ఆబ్జెక్ట్ గ్రూప్‌బై ఉంది. ‘నిన్న’, ‘3 రోజుల క్రితం’ అని తెలుగులో రాయడానికి రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్ ఉంది. "వార్డు 10" కంటే "వార్డు 9" ముందు రావాలంటే ఇంటల్ కొలేటర్‌లో న్యూమరిక్ అనే ఆప్షన్ పెడితే చాలు. ఒకప్పుడు వీటన్నిటికీ లోడాష్, తేదీలు చూసే మోమెంట్ లాంటి ప్యాకేజీల వైపు చూసేవాళ్లం. ఇంకా ఎందుకు?

2016 మార్చిలో జరిగిన లెఫ్ట్‌ప్యాడ్ గొడవ గుర్తుండే ఉంటుంది. మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన ఎన్‌పీఎం నుంచి తీసేస్తే బేబెల్, రియాక్ట్ వాడే ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు (కోడ్‌ను వాడకానికి సిద్ధం చేసే పని) ఆగిపోయాయి. అదే పని చేసే ప్యాడ్‌స్టార్ట్ మరుసటి ఏడాది భాషలోకే వచ్చింది.

మాదాపూర్ ఫ్రంటెండ్:

కామాల సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

మేం ఆరుగురం కలిసి ఏడాదికి ఎన్నో సైట్లు చేస్తాం. సర్వర్ నుంచి డేటా తెచ్చే, బ్రౌజర్‌లోని ఫెచ్ సంగతే చూడండి. సర్వర్ 404 (పేజీ లేదు) ఇచ్చినా 500 (సర్వర్‌లో లోపం) ఇచ్చినా ఫెచ్‌కి అది ఎర్రర్ కాదు. రెస్పాన్స్‌లో ఓకే అన్న గుర్తును మనమే చూసుకోవాలి. అది మరిచిపోతే ఎర్రర్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను జేసన్ అనుకుని పార్స్ చేయబోయి వేరే చోట పగులుతుంది. అందుకని ప్రతి టీమూ ఫెచ్ చుట్టూ సొంతంగా ఒక ఫంక్షన్ రాసుకుంటుంది. నెల తిరిగేసరికి అందులోకి టైమౌట్ వస్తుంది, టోకెన్ వస్తుంది, మళ్లీ ప్రయత్నించే కోడ్ వస్తుంది. ఆర్నెల్లకు అది టెస్టులు లేని, డాక్యుమెంటేషన్ లేని సొంత ఆక్సియోస్ (ఇదే పనికి వాడే ప్యాకేజీ) అవుతుంది. రాసినవాడు ఉద్యోగం మారిపోతాడు. తర్వాత వచ్చినవాడికి రాత్రిపూట టెన్షన్.

ఇంకొకటి. మా కస్టమర్లు ఫోన్ నుంచి పత్రాల స్కాన్ కాపీలు పంపుతారు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఎంత శాతం వెళ్లిందో కనిపించకపోతే, ఆగిపోయిందనుకుని బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతారు. అప్‌లోడ్ ఎంతవరకు వెళ్లిందో ఫెచ్ చెప్పదు. పాత ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ చెబుతుంది. ఆక్సియోస్ బ్రౌజర్‌లో దాన్ని వాడుకునే ఆ లెక్క మనకు అందిస్తుంది. మీ నియమం ప్రకారం పోతే నేను 2006లో లాగా ఆ కోడ్ చేత్తో రాయాలి.

బరువు గురించి కూడా ఒక మాట. లోడాష్ మొత్తం వేసినా జిప్ చేశాక సుమారు 24 కేబీ. మనం పేజీ పైన పెట్టే ఒక్క ఫొటో దానికి పదింతలు ఉంటుంది. ముందు అది తగ్గించండి.

తుంగభద్ర:

ఫొటో, జావాస్క్రిప్ట్ ఒకటి కాదండీ. ఫొటో దిగాక డీకోడ్ చేసి చూపిస్తే అయిపోయింది. స్క్రిప్టును దింపాక పార్స్ చేయాలి, కంపైల్ చేయాలి, నడపాలి. ఆ నడపడం బటన్ నొక్కితే స్పందించే మెయిన్ థ్రెడ్ మీదే. ఎనిమిది వేల రూపాయల ఫోన్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో కవరేజ్ అని ఒక ట్యాబ్ ఉంది. మీ సైటు ఒక్కసారి దాంట్లో తెరిచి చూడండి. లోడ్ అయిన కోడ్‌లో వాడనిది ఎంతో ఎర్రగా కనిపిస్తుంది.

కాకినాడ కాజా:

తేదీల దగ్గర మాత్రం బ్రౌజర్‌ను నమ్మి నేను బాగా దెబ్బతిన్నాను. వివరంగా చెబుతాను, ఇంకొకరికి పనికొస్తుంది.

ఒక కల్యాణమండపం వాళ్లకు బుకింగ్ సైటు చేశాం. లైబ్రరీ, అంటే ప్యాకేజీ ఏమీ లేదు, జావాస్క్రిప్ట్‌లో ఉండే ఉత్త డేట్ ఆబ్జెక్టే. మొదటి వారంలోనే మండపం వాళ్ల ఫోన్. "మేం పదో తారీఖు నొక్కాం, రసీదులో తొమ్మిది వచ్చింది, పెళ్లివారు కంగారు పడుతున్నారు" అని. మా ఆఫీసులో ఆటోమేటిక్ టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. చేత్తో చూసినవాళ్లూ క్యాలెండర్‌లో తేదీ సరిగ్గా ఉందనుకున్నారు తప్ప రసీదు తెరవలేదు.

జరిగింది ఇదీ. క్యాలెండర్‌లో మార్చి 10 నొక్కితే తయారయ్యే డేట్ ఆబ్జెక్ట్ అంటే మన సమయం ప్రకారం పదో తేదీ అర్ధరాత్రి 12 గంటలు. దాన్ని సర్వర్‌కు పంపడానికి టుఐఎస్ఓస్ట్రింగ్ వాడి, మొదటి 10 అక్షరాలు కత్తిరించాం. ఆ ఫంక్షన్ ఎప్పుడూ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) రాస్తుంది. మనం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. కాబట్టి అది రాసింది 9వ తేదీ సాయంత్రం 18:30. కత్తిరిస్తే మిగిలింది 9. టెస్టులు నడిచే సర్వర్ యూటీసీలో ఉంది కాబట్టి అక్కడ ఎప్పుడూ పట్టుబడలేదు.

ఆ రోజు రాత్రి కూర్చుని పాత బుకింగులన్నీ ఒక్కొక్కటిగా ఫోన్ చేసి సరిచూశాం. ముహూర్తం తేదీ తప్పితే ఆ ఇంటికి ఎంత కష్టమో మనకు తెలుసు. అప్పటి నుంచి డేట్-ఎఫ్ఎన్ఎస్ అనే తేదీల లైబ్రరీ లేకుండా తేదీ ముట్టుకోను. నెలలను సున్నా నుంచి లెక్కపెట్టే డేట్‌ను పట్టుకుని "బ్రౌజర్‌లో ఉన్నది చాలు" అనడం నాకు మింగుడుపడటం లేదు.

డల్లాస్ తెలుగు:

కాజా గారూ, మీకు ఇటు నుంచి జరిగింది మాకు అటు నుంచి జరిగింది. డేట్‌కు "2024-03-10" అని గీతలతో ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. ఇండియాలో అది ఉదయం ఐదున్నర, తేదీ మారదు, తప్పు బయటపడదు. డల్లాస్‌లో అది ముందురోజు సాయంత్రం. మా అసోసియేషన్ ఉగాది కార్యక్రమం తేదీ ఇక్కడివాళ్లందరికీ ఒకరోజు ముందు కనిపించింది. సైటు చేసింది ఇండియాలో, చూసుకున్నదీ అక్కడే.

కృష్ణాతీరం:

కాజా గారూ, మీ కష్టం అర్థమైంది. ఆ రాత్రి ఫోన్లు చేసి సరిచూడటం మంచి పని. కానీ ఒక్కటి గమనించండి. అక్కడ మీరు మోమెంట్ వాడి, దాని టుఐఎస్ఓస్ట్రింగ్‌ను పిలిచి ఉన్నా 9వ తేదీయే వచ్చేది. అది కూడా మామూలుగా యూటీసీలోనే రాస్తుంది. మిమ్మల్ని దెబ్బతీసింది తేదీని సమయంగా మార్చడం. మండపం బుకింగ్‌కు గంటతో పని లేదు, అది ఉత్త తేదీ. క్యాలెండర్ నుంచి "2024-03-10" అనే అక్షరాలను అలాగే తీసుకుని అలాగే దాచితే టైమ్‌జోన్ ప్రశ్నే రాదు. హెచ్‌టీఎంఎల్‌లోని డేట్ ఇన్‌పుట్ ఇచ్చే విలువ సరిగ్గా ఆ రూపంలోనే ఉంటుంది.

ఇంకో సంగతి. మోమెంట్ టీమ్ వాళ్లే 2020 సెప్టెంబరులో కొత్త ప్రాజెక్టులకు తమది వాడొద్దని, ఇక మెయింటెనెన్స్ మాత్రమే చేస్తామని ప్రకటించారు. అయినా ఈనాటికీ కొత్త కోడ్‌లో అది కనిపిస్తూనే ఉంది.

కాకినాడ కాజా:

మోమెంట్ మాట నిజమే, అది నాకు తట్టలేదు. కానీ డేట్-ఎఫ్ఎన్ఎస్‌లో ఫార్మాట్ అన్న ఫంక్షన్ మన స్థానిక సమయంతోనే రాస్తుంది. మంచి లైబ్రరీ తప్పు చేయడాన్ని కష్టం చేస్తుంది, నేననేది అది. డేట్‌కు బదులుగా జావాస్క్రిప్ట్‌లోకి తెస్తున్న టెంపోరల్ వస్తే దానిలోని ప్లెయిన్‌డేట్‌తో సరిగ్గా మీరన్న ‘ఉత్త తేదీ’ దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో 2025లోనే 139వ వెర్షన్‌తో వచ్చింది. మా కస్టమర్ల ఫోన్లన్నిటిలోకీ వచ్చేదాకా మాత్రం నేను దాని మీద ఆధారపడలేను.

మాదాపూర్ ఫ్రంటెండ్:

అదే నేనూ అడగబోయాను, ఎవరి బ్రౌజర్‌లో ఉన్నదాని గురించి మాట్లాడుతున్నాం? పాత ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ప్లే స్టోర్ నుంచి వేరుగా అప్‌డేట్ అవుతుంది, కాబట్టి కొంత నయం. ఐఫోన్‌లో సఫారీ ఐఓఎస్‌తోనే ముడిపడి ఉంటుంది. అన్నయ్య వాడి ఇచ్చిన పాత ఐఫోన్‌లో ఐఓఎస్ అక్కడే ఆగితే, మన దగ్గర క్రోమ్ వేసుకున్నా లోపల నడిచేది ఆ పాత ఇంజినే. వాళ్లకు మీ గ్రూప్‌బై లేదు, పేజీ తెల్లగా ఉంటుంది.

రాయలసీమ రూటర్:

సెక్యూరిటీ చూసేవాడిగా నా మాట.

2025 సెప్టెంబరులో చాక్, డీబగ్‌తో కలిపి 18 ప్యాకేజీల్లోకి దొంగ కోడ్ చేరింది. వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్న ప్యాకేజీలవి. వాటిని చూసుకునే ఆయనకు ఎన్‌పీఎం పంపినట్టే ఉన్న దొంగ ఈమెయిల్ వచ్చింది, ఆయన నమ్మారు. అంతే. క్రిప్టో వాలెట్ చిరునామాలను మార్చేసే కోడ్ అది. కొన్ని గంటల్లోనే తీసేశారు. ఆ గంటల్లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టి కొత్త వెర్షన్లు తెచ్చుకున్నవాళ్లకు ప్రమాదం. ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండే లాక్‌ఫైల్‌ను గిట్‌లో పెట్టి, బిల్డులో ఆ వెర్షన్లనే తెచ్చే ఎన్‌పీఎం సీఐ వాడినవాళ్లు పాత వెర్షన్ల మీదే ఉన్నారు, వాళ్లకు ఏమీ కాలేదు.

కాబట్టి ఎన్ని ప్యాకేజీలు ఉన్నాయన్నది సగం ప్రశ్నే. వాటిని ఎలా తెచ్చుకుంటున్నారు అన్నది మిగతా సగం. మాదాపూర్ గారూ, పాత బ్రౌజర్లకు పాలీఫిల్ (వాటిలో లేని సౌకర్యాన్ని అందించే కోడ్) వేస్తారు కదా, ఆ ఫైలు మీ సర్వర్‌లోనే పెట్టుకోండి. పాలీఫిల్ డాట్ ఐఓ అన్న డొమైన్ 2024 ఫిబ్రవరిలో చేతులు మారింది, జూన్‌లో బయటపడింది ఏమంటే దాని నుంచి స్క్రిప్ట్ తెచ్చుకునే లక్షకు పైగా సైట్లలోకి చెడ్డ కోడ్ వెళ్లింది. ఆ సైట్ల వాళ్లు తమ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

పాలమూరు పిల్లోడు:

నేను ఈ పనిలో చేరి ఏడాది కాలేదు, తప్పైతే చెప్పండి. మా స్కూలు పూర్వ విద్యార్థుల సమావేశానికి పేర్ల కార్డులు చేసే పేజీ రాస్తున్నా. కార్డు మీద చోటు తక్కువ, అందుకని 15 అక్షరాల దగ్గర స్లైస్‌తో కత్తిరించాను. వేంకటసుబ్రహ్మణ్యం సార్ పేరు "వేంకటసుబ్రహ్మణ్" అని వచ్చింది! మాకు ఐదేళ్లు లెక్కలు చెప్పిన సార్ ఆయన. లెంగ్త్ అడిగితే 17 అంటోంది. చేత్తో లెక్కపెడితే 7 అక్షరాలే ఉన్నాయి. దీనికి ప్యాకేజీ వెయ్యాలా?

కృష్ణాతీరం:

తమ్ముడూ, నువ్వేం తప్పు చేయలేదు. జావాస్క్రిప్ట్ లెంగ్త్ లెక్కపెట్టేది మన అక్షరాలను కాదు, లోపల దాచిన కోడ్ యూనిట్లను. ‘వేం’ అన్నది మనకు ఒక అక్షరం. దానికి వ, ఏత్వం, సున్నా అని మూడు. ‘ణ్యం’ అంటే ణ, పొల్లు, య, సున్నా అని నాలుగు. నీ కత్తెర సరిగ్గా ఆ పొల్లు తర్వాత పడింది.

ఇంటల్ సెగ్మెంటర్ వాడు. గ్రాఫీమ్ అని చెబితే అక్షరాలుగా విడగొడుతుంది. 2024లో ఫైర్‌ఫాక్స్ 125తో అది పెద్ద బ్రౌజర్లన్నింటిలోకీ వచ్చింది. ఒక్క జాగ్రత్త. తెలుగు ఒత్తులను ముందు అక్షరంతో కలిపి లెక్కపెట్టే నియమం యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉన్న ప్రమాణం) 15.1లో, 2023లో చేరింది. అది పాటించే చోట నీకు 7 వస్తుంది. పాత నియమం నడిచే చోట బ్, ర విడిపోయి 10 వస్తుంది. ప్యాకేజీ వేసినా ఇదే సమస్య, ఎందుకంటే అది ఏ యూనికోడ్ పట్టికతో తయారైందో అక్కడే ఆగి ఉంటుంది. బ్రౌజర్ కనీసం అప్‌డేట్ అవుతుంది.

మిగతావాళ్లకు: నా నియమాన్ని కొంచెం మార్చుకుంటున్నాను. అంకెలు, అక్షరాలు, వరస పెట్టడం, కాపీ చేయడం లాంటి పనులకు ముందు బ్రౌజర్. గంటలు, టైమ్‌జోన్లు కలిసే తేదీలకు డేట్-ఎఫ్ఎన్ఎస్ గానీ లక్సన్ గానీ వేసుకోవడానికి ఇక అభ్యంతరం చెప్పను. అప్‌లోడ్ శాతం కావాలంటే ఆక్సియోస్ కూడా సరే. ఫెచ్ చుట్టూ రాసుకునే ఫంక్షన్ విషయంలో మాత్రం మాదాపూర్ గారితో ఏకీభవించను. రెస్పాన్స్ ఓకే చూసుకోవడం, అబార్ట్‌సిగ్నల్ టైమౌట్ పెట్టడం, రెండూ కలిపి పది లైన్లు దాటవు.

మాదాపూర్ ఫ్రంటెండ్:

పది లైన్లతో మొదలవుతుందండీ. ఆర్నెల్ల తర్వాత ఆ ఫైలు ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పాలమూరు పిల్లోడు:

సెగ్మెంటర్ పెట్టి చూశాను. నా ల్యాప్‌టాప్‌లో 7 వచ్చింది. ఇంకెవరి ఫోన్‌లో 10 వస్తుందోనని కార్డుల పీడీఎఫ్ నా ల్యాప్‌టాప్‌లోనే తయారు చేస్తున్నా. ఇంకో మాట, పేరును అసలు కత్తిరించడమే మానేశాను. పేరు పెద్దదైతే ఫాంట్ సైజు తగ్గించేలా మార్చాను. సార్ పేరు పూర్తిగా పట్టింది. శనివారం ప్రింటుకు ఇస్తున్నాం.