మైరేయ మాసవ… ఆ తర్వాత సీధువా, శీధువా?

అరసున్న:
అమరకోశంలో మద్యాల పేర్లు చదువుతుంటే "మైరేయ మాసవః" దగ్గర నాలుక ఆగిపోయింది. ఆ తర్వాతి మాట సీధువా, శీధువా? హెర్ఫర్డ్‌షైర్‌లో ఒక సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టిన పానీయం) పండక్కి రుచి చీటీలు తెలుగులో కూడా వేస్తున్నారు. ఏడు సైడర్లు, ఐదు పెర్రీలు (బేరికాయ రసంతో చేసేవి). జాబితా నెత్తిన ఆ మాట పెడదామని. పనిలో పని, చిత్తుప్రతిలో "బిట్టర్‌స్వీట్"కి "చేదుతీపి", "డ్రై"కి "పొడి" అని ఉన్నాయి. రెండూ మింగుడు పడటం లేదు.

శకటరేఫం:
"మైరేయమాసవస్సీధుర్మేదకో జగలస్సమౌ." దంత్యమే, అంటే "సీ". "సమౌ" ద్వివచనం కనక మేదక జగలాలు ఒక జంట, ముందున్న మూడూ ఒక గుంపు. చీటీకి ఇంతకంటే ఏం కావాలి?

ద్రుతం:
రఘువంశం 16వ సర్గలో "పురాణశీధుం నవపాటలం చ" అని కాళిదాసు తాలవ్యమే ("శీ") వేశాడు కదా. సంస్కృత వ్యాకరణంలోని ఉణాది సూత్రాల్లోనూ "శీఙ్" ధాతువు నుంచే సాధించారు. శీఙ్ అంటే పడుకోవడం, శీధువు అంటే తాగినవాణ్ణి పడుకోబెట్టేది. అర్థంతో సహా అతికే వ్యుత్పత్తిని వదిలేసి దంత్యం ఎందుకండీ?

గసడదవ:
అసలు సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. సీధు, సిడ్ర్, సైడర్. సరుకుతోపాటు మాట కూడా ఓడెక్కింది. అందుకే దంత్యం సరైనది.

శకటరేఫం:
దంత్యం సరే, ఓడ మాత్రం మునిగింది. హీబ్రూ షేఖార్, గ్రీకు సికెరా, లాటిన్ సికెరా, పాత ఫ్రెంచి సిడ్ర్: ఇదీ వరస. ఆ "డ" ఫ్రెంచి నేల మీద మధ్యలో దూరింది, మన ధకారానికి చుట్టం కాదు. పైగా షేఖార్ అంటే ఆపిల్ సరుకని కాదు, మత్తెక్కించే ఏ పానీయమైనా. సీధువు చెరకుది. కాచని రసంతో చేస్తే శీతరసం, కాచి చేస్తే పక్వరసం.

ద్రుతం:
చెరకుదైతే జాబితా నెత్తిన ఎలా పెడతారు? "ఆసవం" వెయ్యండి. కాచకుండా పులియబెట్టేది ఆసవం, కషాయం కాచి పులియబెట్టేది అరిష్టం. సైడర్ రసాన్ని కాచరు. పైగా కౌటిల్యుడి ఆసవం పండుదే: వెలగ ఒక తుల (పాత తూకం), ఫాణితం (చెరకు పాకం) ఐదు తులలు, తేనె ఒక ప్రస్థం (పాత కొలత).

మడ్డి:
పండుకి ఐదింతలు పాకం! బ్రిటన్ చట్టంలో సైడర్ అనిపించుకోవాలంటే కనీసం 35 శాతం రసం ఉండాలి. కౌటిల్యుడి ఆసవం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఈ పండక్కి తెచ్చేవేమో దాదాపు అంతా రసమే అయిన సరుకు.

అరసున్న గారూ, మీ రెండో ప్రశ్న అసలైనది. 1903లో ఇంగ్లండులోని లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రంలో బార్కర్ సైడర్ ఆపిళ్ళని నాలుగుగా విడదీశాడు. ఆమ్లం 0.45 శాతానికి, టానిన్ 0.2 శాతానికి ఇటా అటా అన్నదే గీత. టానిన్ ఎక్కువై ఆమ్లం తక్కువైతే బిట్టర్‌స్వీట్ (డాబినెట్, యార్లింగ్టన్ మిల్). రెండూ ఎక్కువైతే బిట్టర్‌షార్ప్ (కింగ్‌స్టన్ బ్లాక్, ఫాక్స్‌వెల్ప్). అక్కడ "బిట్టర్" కొలిచింది టానిన్ని, అంటే నేరేడుపండు తిన్నాక నాలుక మీద పట్టేది. ఇంగ్లీషులో ఆ రుచికి వాడుకమాట లేక చేదుతో సరిపెట్టారు. మనకు ఆరు రుచుల్లోనే ఉంది. వగరుతీపి, వగరుపులుపు అని వేసుకోండి.

ద్రుతం:
చిన్న సవరణ. టానిన్ అణువులు చిన్నవైతే చేదు, పెద్దవైతే వగరు. ఒకే ఆపిల్‌లో రెండూ ఉంటాయి. "చేదుతీపి" పూర్తిగా తప్పేం కాదు.

మడ్డి:
సరే, కానీ తాగేవాడు చేదు అని చదివి కాకరకాయని ఊహించుకుంటాడు.

"డ్రై"కి "పొడి" మాత్రం వద్దు. "తీపి విరిగినది" అనండి. సైడర్‌లో చక్కెరంతా ఈస్టు తినేస్తే హైడ్రోమీటరు (ద్రవం సాంద్రత కొలిచే పరికరం) 1.000 దగ్గరికో ఇంకా కిందికో దిగుతుంది. 1.010 దాటితే మధ్యరకం, 1.020 దాటితే తీపి అనుకోవచ్చు. పెర్రీకి ఈ లెక్క పనికిరాదు. పెర్రీ బేరికాయల్లో ఉండే సార్బిటాల్ అనే తియ్యటి పదార్థాన్ని ఈస్టు ముట్టదు. పులియడం ఆగిపోయినా హైడ్రోమీటరు అంకె పైనే ఉంటుంది, నాలుకకి తీపీ తగులుతుంది. అందుకని పెర్రీ చీటీ మీద "డ్రై" అని ఉన్నా "తీపి లేనిది" అని రాయకండి. ఎక్కువ తాగితే సార్బిటాల్ పొట్ట జాడిస్తుంది, అదీ ఓ మాట రాస్తే పుణ్యం.

గసడదవ:
"పెర్రీ బేరికాయలు" అన్నారు కదా. పెర్రీ, బేరి. ఇప్పుడేమంటారు?

శకటరేఫం:
ఇది కొంత నయం. పోర్చుగీసు "పేర" నుంచి మనకి బేరి, లాటిన్ "పిరుం" నుంచి ఫ్రెంచి మీదుగా వాళ్ళకి పెర్రీ. అక్కచెల్లెళ్ళు, తల్లీకూతుళ్ళు కాదు. మరాఠీవాళ్ళు "పేరూ" అని జామపండుని అంటారు, కాబట్టి చీటీలో బొమ్మ కూడా వెయ్యండి.

అరసున్న:
ఏరేటప్పుడు చూసుకోవలసినవి కూడా చెప్పండి, చివరి ఎంపిక ఇంకా కాలేదు.

మడ్డి:
పెర్రీలు ఐదూ ఒక్కో కాయరకానివే తీసుకోండి: బ్లేక్నీ రెడ్, మూర్‌క్రాఫ్ట్, థార్న్, హెండ్ర్ హఫ్‌క్యాప్, బట్. థార్న్ పులుపు, బట్ వగరు, కాబట్టి బ్లేక్నీ తర్వాత పొయ్యాలి. మిగిలిపోయిన రెండు పెర్రీల్ని ఒక జగ్గులో కలపొద్దు. విడివిడిగా తేటగా ఉన్నవే కలిస్తే టానిన్ విరిగి మబ్బుకడతాయి. మూర్‌క్రాఫ్ట్ కాయ రాలిన కొద్దిరోజులకే లోపల్నుంచి మగ్గి చెడుతుంది, ఆలస్యంగా గానుగపట్టిన ఏడాది రుచి తేలిపోతుంది. బట్ దీనికి పూర్తిగా ఎదురు. "ఈ ఏడు ఏరు, వచ్చే ఏడు ఆడించు, ఆపై ఏడు తాగు" అని అక్కడి సామెత.

ఏడు సైడర్లలో మూడు వగరుతీపి, రెండు వగరుపులుపు, ఒకటి వంటాపిళ్ళతో చేసిన పులుపు, ఒకటి తీపి ఆపిళ్ళది. రుచి చూసేటప్పుడు మింగి పదిహేను సెకన్లు ఆగండి. "మౌస్" అనే ఎలుక కంపు గ్లాసులో వాసన చూస్తే తెలియదు, ఉమ్మితో కలిసి పులుపు తగ్గాకే బయటపడుతుంది. అనుమానం ఉంటే చెంచాడు సైడర్‌లో చిటికెడు వంటసోడా కలిపి వాసన చూడండి. ఆ కంపుకి విరుగుడు లేదు, పెట్టె వెనక్కి పంపడమే.

లోపల సంచి ఉండే 20 లీటర్ల పెట్టెకి 35 పైంట్లు, మూడోవంతు పైంటు గ్లాసులైతే 105. సంచి తనంతట ముడుచుకుంటుంది కనక గాలి చొరబడదు. తీపి రకంలో ఈస్టు బతికి ఉంటే మాత్రం ఎండకి సంచి ఉబ్బుతుంది. ఉబ్బితే నీడకి మార్చి, కుళాయి పైకి తిప్పి గాలి వదలండి. 12 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ బెడదే రాదు.

యడాగమం:
ఇంత పులుపు గురించి మాట్లాడి శ్రీనాథుణ్ణి తలవకపోతే ఎలా? "చల్లా యంబలిఁ ద్రావితిన్ రుచులు దోసంబంచుఁ బోనాడితిన్." ఆ పులుపు నచ్చనివాళ్ళ చీటీ మీద ఇదే వెయ్యాలి. అయితే ఆ "చల్లా"లో దీర్ఘం ఏమిటి? చల్లా, అంబలీ రెండు పానీయాలా, చల్లపోసిన అంబలా?

శకటరేఫం:
శార్దూలం, మొదటిది మగణం, మూడూ గురువులే. "చల్ల యం" అంటే గణం చెడుతుంది. దీర్ఘం ఛందస్సు కోసం. ఒకటే పానీయం.

యడాగమం:
శ్రీనాథుడు గణం కోసం దీర్ఘం సాగదీసేవాడా? ఆయనకి మాటలు కరువా? అది సముచ్చయం, రెండు పానీయాలే.

ద్రుతం:
సముచ్చయమైతే "అంబలీ" అని రెండోదానికీ దీర్ఘం రావద్దూ?

అరసున్న:
చీటీలు గురువారం అచ్చుకి వెళ్తాయి. సీ వెయ్యనా, శీ వెయ్యనా?

యడాగమం:
ఆగండి, ఈ "లా" సంగతి తేలనివ్వండి. ద్రుతం గారూ, "అంబలిఁ" దగ్గర అరసున్న ఉంది చూశారా?