‘ఫ్యాన్’ అనే పొట్టి మాట ఎక్కడ పుట్టింది?

ప్రశ్న (తెనాలి పాఠకుడు):
సినిమా పుటలో ‘ఫ్యాన్స్ షో’, ‘ఫ్యాన్స్ అసోసియేషన్’ అని చదువుతాం. అదే పత్రిక రాజకీయ పుటలో, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ గుర్తు కారణంగా, ‘ఫ్యాను గాలి’ అన్న శీర్షిక కనిపిస్తుంది. తిరిగే పంకాకూ, నటుణ్ణి ఆరాధించే మనిషికీ ఒకే మాట ఎలా వచ్చింది? ఇది ‘ఫ్యాన్సీ’ నుంచి కుదించిన మాట అని ఒక మిత్రుడు అంటున్నారు. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (పదాన్వేషి):
అవి ఒకే మాట కావండీ, ఉచ్చారణ కలిసిన రెండు వేరు మాటలు. గాలి విసిరే ఫ్యాన్‌కు మూలం లాటిన్‌లోని ‘వన్నుస్’, అంటే ధాన్యం చెరిగే చేట. 1611 నాటి ఆంగ్ల బైబిలు మత్తయి సువార్త మూడో అధ్యాయంలో ‘ఫ్యాన్’ అని ఉన్నచోట మన తెలుగు బైబిలులో ‘చేట’ అనే ఉంటుంది. గాలి ఆడని రోజున కళ్లంలో ఫ్యాను పెట్టి వడ్లు తూర్పారబట్టిన రైతులు, తమకు తెలియకుండానే, ఆ మాటను దాని తొలి పనికి తిరిగి చేర్చారు.

మనిషిని సూచించే ఫ్యాన్ ‘ఫనాటిక్’ అనే మాటకు కుదింపు అని ఎక్కువమంది నిఘంటుకారుల అభిప్రాయం. లాటిన్‌లో ‘ఫానుం’ అంటే గుడి. గుడికి చెందినవాడు, దేవత పూని ఊగిపోయేవాడు ‘ఫనాటికుస్’. రోములో బెల్లోనా అనే యుద్ధదేవత పూజారులు పూనకంలో తమ చేతులు కోసుకొనేవారు. కటౌటుకు పాలాభిషేకం చేసి, హారతి ఇచ్చి, గుమ్మడికాయ కొట్టే మన థియేటర్ల ముంగిట ఆ పాత అర్థం ఇప్పటికీ సజీవంగా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

సమాధానం (క్రీడాప్రియ):
మీ మిత్రుడి మాటను అంత తేలికగా కొట్టిపారేయలేము. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ముష్టియుద్ధాల చుట్టూ తిరిగే రసికుల బృందాన్ని ‘ది ఫ్యాన్సీ’ అనేవారు. దాని నుంచే ఫ్యాన్ వచ్చిందని వాదించినవారు ఉన్నారు. అయితే ఈ పొట్టి రూపం వాడుకలో స్థిరపడింది 1880ల అమెరికాలో, బేస్‌బాల్ మైదానాల దగ్గర. సెయింట్ లూయిస్ జట్టును నడిపిన టెడ్ సల్లివన్, ‘ఫనాటిక్’ను కుదించి ఈ మాటను తానే పుట్టించానని తరువాత చెప్పుకున్నారు. ఆయన మాట ఎలా ఉన్నా, అంతకుముందు బేస్‌బాల్ పిచ్చివాళ్లను ‘క్రాంక్’ అనేవారు, దానికీ తిక్కమనిషి అనే అర్థం. ఒక వెర్రి మాట స్థానంలోకి మరో వెర్రి మాట వచ్చిందనుకోవడమే నాకు సహజంగా తోస్తుంది.

ఇక ‘ఫ్యాన్సీ’ కూడా ‘ఫాంటసీ’కి కుదింపే. మనకు అది ఫ్యాన్సీ స్టోరుగా, బండికి ఫ్యాన్సీ నంబరుగా, సినిమా హక్కులు అమ్మినప్పుడు ఫ్యాన్సీ రేటుగా వేరే దారిలో వచ్చింది.

ప్రశ్న (తెనాలి పాఠకుడు):
ఇద్దరికీ కృతజ్ఞతలు. తెలుగులో ఈ రెండింటినీ మనం ఎప్పుడూ తికమకపడకుండా ఎలా వాడుతున్నాం?

సమాధానం (భాషాభిమాని):
బహువచనం చూడండి. ఇంటి కప్పుకు వేలాడేవి ‘ఫ్యాన్లు’, తెరముందు ఈలలు వేసేవారు ‘ఫ్యాన్స్’. పంకా ఎప్పుడో మన మాటల్లో కలిసిపోయి మన ‘లు’ తగిలించుకుంది. మనిషి మాత్రం ఇంగ్లీషు ‘స్’తోనే నిలిచిపోయి, దాని మీదే విభక్తిని మోస్తూ ‘ఫ్యాన్స్‌కి’ అయ్యాడు. ‘మూడు ఫ్యాన్స్ బిగించారు’ అనేవారూ పట్టణాల్లో ఉన్నారు గాని, ‘ఆ హీరో ఫ్యాన్లు’ అన్న మాట మాత్రం చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

మరో సంగతి కూడా చెప్పాలి. దీనికి సమానంగా మనం వాడే ‘అభిమాని’ సంస్కృతంలో ప్రధానంగా తన మీద తనకు గర్వం ఉన్నవాడు. ‘అభిమానం దెబ్బతిన్నది’ అన్నప్పుడు ఆ పాత అర్థమే పలుకుతుంది. తన గౌరవాన్ని కాపాడుకొనేవాడికి ఉన్న మాట మరొకరిని నెత్తిన పెట్టుకొనేవాడికి చేరింది. అభిమాన నటుడి పరాజయాన్ని సొంత అవమానంగా తీసుకొని ఫ్యాన్ వార్స్‌కు దిగేవారి విషయంలో ఆ రెండు అర్థాలూ విడదీయరానివని నా అభిప్రాయం.