4 లక్షల మెగావాట్లు ఉంటే మా చెరువుకి రాత్రి కరెంటు ఎందుకు ఉండట్లేదు?

చెరువుగట్టు
30 ఏప్రిల్ 2022

మాది భీమవరం పక్కన పల్లె, వనామి రొయ్య వేశాం. ఈ నెల మొదలైన దగ్గర్నుంచి రాత్రిళ్లు కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పట్లేదు. పగలు ఓ గంట పోయినా ఎండకి నీళ్లలోనే కాస్త ఆక్సిజన్ పుడుతుంది కాబట్టి నెట్టుకొస్తాం, కానీ అర్ధరాత్రి దాటాక నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోతుంది. జనరేటర్ లేక కాదు. డీజిల్ లీటరు వంద దాటింది, లీటరుకి మూడు మూడున్నర యూనిట్లకి మించి రాదు, అంటే యూనిట్ 30 రూపాయలు పడుతోంది. సబ్సిడీ మీద రూపాయిన్నరకి వచ్చే కరెంటు బదులు ఇది కాల్చాలి.

నా డౌట్ ఏంటంటే, నిన్న దేశం మొత్తం డిమాండ్ 2,07,111 మెగావాట్లకి వెళ్లి రికార్డు కొట్టిందంటున్నారు. దేశంలో ఉన్న ప్లాంట్ల సామర్థ్యమేమో దాదాపు 4 లక్షలంట. సగం ఊరికే ఉన్నట్టే కదా, మరి కోత దేనికి? సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే "పైనుంచి ఈఎల్‌ఆర్ వచ్చిందండి" అని పెట్టేస్తున్నారు. ఆ పైనున్నది ఎవరు?

స్విచ్‌యార్డ్

ఈఎల్‌ఆర్ అంటే ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్. సబ్‌స్టేషన్‌లో ఉన్న కుర్రాడిని తిట్టకండి, వాడి చేతిలో ఏమీ ఉండదు. విజయవాడ లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఇన్ని మెగావాట్లు తగ్గించమని వస్తే, ఆ లెక్క కిందికి దిగేసరికి "ఫలానా ఫీడర్లు తీయండి" అవుతుంది (ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకి, చెరువులకి వెళ్లే లైను), వాడు బ్రేకర్ తీస్తాడు, అంతే. రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ మన రాష్ట్రం గ్రిడ్ నుంచి ఎంత తీసుకోవాలో ముందే షెడ్యూల్ ఇస్తారు. దానికి మించి లాగుతూ ఉంటే, అందులోనూ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (50 హెర్ట్జ్ ఉండాలి, వాడకం ఉత్పత్తిని మించితే పడుతుంది) 49.90 కిందికి పడితే, బెంగళూరు నుంచి దక్షిణాది డిస్పాచ్ సెంటర్ వాళ్లు మెసేజ్ మీద మెసేజ్ పెడతారు. ఎక్కువ లాగినందుకు డబ్బులూ కట్టాలి.

"లాగితే ఏమవుతుందిలే" అని ఊరుకునే విషయం కాదిది. 2012 జులై 30 తెల్లవారుజామున రెండున్నరకి ఉత్తరాది గ్రిడ్ మొత్తం పడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి దాంతో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పోయి అరవై కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నారు. షెడ్యూల్‌కి మించి లాగుతున్న సమయంలో బీనా-గ్వాలియర్ లైన్ ట్రిప్ అవడంతో మొదలైంది అదంతా. అప్పటికి మన దక్షిణాదికి వాళ్లతో ఏసీ లింకు లేదు, డీసీ లింకులే, వాటిలో ఒకవైపు ఫ్రీక్వెన్సీ దెబ్బ రెండోవైపుకి రాదు, అందుకే బయటపడ్డాం. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ లైన్ కలిపాక ఇప్పుడు దేశమంతా ఒకటే ఫ్రీక్వెన్సీ. దాంతో బయటి కరెంటు తెచ్చుకోవడం సులువైంది, కానీ బయటివాళ్లకి కొరత వస్తే ఆ దెబ్బ మనకీ తగులుతుంది.

లెక్కల_మావయ్య

4 లక్షల సంగతి నేను చెప్తా. అది ప్లాంట్ల మీద రాసిన నంబర్. చెరువు ఎన్ని ఎకరాలైతే ఏం, నీళ్లుండాలి కదా. అందులో సోలార్ 54 వేల దాకా ఉంది, పొద్దు గూకితే సున్నా. గాలిమరలు 40 వేలు, అవి గట్టిగా తిరిగేది జూన్ నుంచి. జలవిద్యుత్తు 46 వేలుంది కానీ ఏప్రిల్‌లో డ్యాముల్లో నీళ్లెన్ని? గ్యాస్ ప్లాంట్లు 25 వేలు, వాటి కథ మన గోదావరి జిల్లాల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కేజీ బేసిన్ గ్యాస్ వస్తుందని వేమగిరిలో, సామర్లకోటలో కట్టారు, అక్కడి డీ6 గ్యాస్ క్షేత్రంలో ఉత్పత్తి పడిపోయాక ఏళ్ల తరబడి ఖాళీ. బయటి నుంచి గ్యాస్ తెద్దామంటే ఉక్రెయిన్ యుద్ధంతో రేటు ఆకాశంలో ఉంది.

మిగిలింది బొగ్గు, 2 లక్షల పైచిలుకు. అందులో కొన్ని యూనిట్లు రిపేర్లలో ఉన్నాయి. గుజరాత్‌లో ముంద్రా లాంటి సముద్రం పక్క ప్లాంట్లు విదేశీ బొగ్గు మీద బతికేవి, ఆ బొగ్గు రేటుకి పాత ఒప్పందం ధరలో కరెంటు అమ్మితే నష్టమని వెనక్కి తగ్గాయి. దాంతో వాటి భారం కూడా దేశీయ బొగ్గు మీదే పడింది. కోల్ ఇండియా పోయిన ఆర్థిక సంవత్సరంలో 62 కోట్ల టన్నులకి పైగా తవ్వింది, ఎప్పుడూ అంత తవ్వలేదు, అయినా ప్లాంట్ల దగ్గర నిల్వలు లేవు. గని దగ్గరున్న బొగ్గు ప్లాంటుకి చేరాలంటే గూడ్స్ రైళ్లు కావాలి. వాటికి దారివ్వడానికే ఇప్పుడు ప్యాసింజర్ రైళ్లు రద్దు చేస్తున్నారు.

అసలు రోగం మాత్రం డబ్బు అని నా అభిప్రాయం. డిస్కంలు (కరెంటు పంచే కంపెనీలు) జెన్‌కోలకి (ప్రభుత్వ ఉత్పత్తి కంపెనీలు), ప్రైవేటు ఉత్పత్తిదారులకి ఇవ్వాల్సింది దేశం మొత్తం మీద లక్ష కోట్లు దాటింది. డబ్బు రానివాడు బొగ్గు ముందే కొని నిల్వ పెట్టుకుంటాడా? మార్చిలో కరెంటు కొని అమ్ముకునే ఎక్స్చేంజ్‌లో యూనిట్ 20 రూపాయలకి పోయింది, ఈ నెల నుంచి 12 దాటకూడదని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (సీఈఆర్‌సీ) గీత గీసింది. ఆ 12కి కొందామన్నా అమ్మేవాడు దొరకట్లేదు. అందుకే మన దగ్గర 24 గంటలూ నడిచే పరిశ్రమలని సగం లోడ్‌కి దింపి, మిగతావాటికి వారానికి ఇంకో రోజు పవర్ హాలిడే ఇచ్చారు.

సిరిసిల్ల_మగ్గం

మా దగ్గర కరెంటు పోతలేదు. చూసి నేర్చుకోండి 🙂

లెక్కల_మావయ్య

తమ్ముడూ, సంతోషం. మీవాళ్లు రేటు చూడకుండా కొంటున్నారు, హైదరాబాద్ బిల్లులు వెనకున్నాయి కాబట్టి నడుస్తోంది. డిస్కం అప్పు మీకూ ఉంది. 2012లో మన రెండు వైపులా కలిపి పవర్ హాలిడేలు అనుభవించాం, అప్పుడు మీ మగ్గాలూ ఆగాయి. ఈ గొడవ ఇక్కడ వద్దు, ఆయన రొయ్యలు చచ్చిపోతున్నాయి.

జోబర్గ్_తెలుగు

నేను జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటాను. ఇక్కడ ఈ కోత 2007-08 నుంచీ ఉంది, 2008 జనవరిలో అయితే బంగారు గనులే ఆపేశారు. ఈ నెలలో కూడా స్టేజ్ 4 దాకా వెళ్లింది. ఒక్కో స్టేజ్ అంటే సుమారు వెయ్యి మెగావాట్లు తగ్గించడం. కష్టం మీకంటే తక్కువేం కాదు, కాకపోతే మా ఏరియా నంబర్‌కి ఏ స్టేజ్‌లో ఏ గంటకి తీస్తారో పట్టిక ఉంటుంది, యాప్‌లో ముందే కనపడుతుంది. వంటా, ఆఫీసు మీటింగులూ దాన్ని చూసే పెట్టుకుంటాం. తిట్టుకుంటూనే అనుకోండి. మన దగ్గర అలాంటి పట్టిక వేయడానికి అడ్డేంటి?

స్విచ్‌యార్డ్

టెక్నికల్‌గా అడ్డేం లేదు. ఎక్కడో యూనిట్ ఉన్నట్టుండి ట్రిప్ అయి ఈఎల్‌ఆర్ వస్తే ముందు చెప్పలేం, నిజమే. కానీ రేపు రాత్రికి ఎంత తక్కువ పడుతుందో ముందు రోజు సాయంత్రానికే సుమారుగా తెలుస్తుంది. పట్టిక వేస్తే కోత ఉందని ఒప్పుకున్నట్టవుతుంది కదా, అందుకే వేయరు. పైగా ఎమర్జెన్సీ పేరు మీద తీస్తే పల్లె ఫీడర్లే ముందు పోతాయి. ఆసుపత్రులు, టౌన్ ఫీడర్లు ముట్టుకోరు. ఆసుపత్రుల సంగతి సరే, టౌన్‌లో షోరూం లైట్లు వెలుగుతుంటే చెరువు ఫీడర్ తీయడం మాత్రం అన్యాయం.

చెరువుగట్టు గారూ, ఒక పని చేయండి. కోత వద్దని అడిగితే ఎవరూ వినరు. మీ 11 కేవీ ఫీడర్ మీదున్న రైతులంతా సంతకాలు పెట్టి, తీసేదేదో సాయంత్రం ఆరు నుంచి పదిలోపు తీయండి, రాత్రి ఒంటిగంట నుంచి ఆరు వరకు వదిలేయండి అని డీఈకి (డివిజనల్ ఇంజినీర్) రాసివ్వండి. తీసేది ఏ గంటలో అయినా ఆయనకి మెగావాట్లు అవే దొరుకుతాయనుకోకండి, అర్ధరాత్రి కొరతకి సాయంత్రం కోత పనికిరాదు. కానీ అర్ధరాత్రి టైమ్‌లో మీ బదులు వేరే ఫీడర్ తీయొచ్చు, లిస్ట్ మార్చడం కిందిస్థాయిలో కుదిరే పనే.

చెరువుగట్టు

ఇది బాగుందన్నా. మా వైపు గట్ల మీద అందరం కలిస్తే అరవై డెబ్బై మంది తేలతాం, రేపే తిరుగుతా. మా ఫీడర్ పేరు ఎక్కడ చూడాలి?

స్విచ్‌యార్డ్

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెయింట్‌తో రాసి ఉంటుంది చూడండి. చెరిగిపోతే లైన్‌మన్‌ని అడగండి. అదే ఫీడర్ మీద ఊళ్లు కూడా ఉన్నాయా, ఉత్త చెరువులేనా అన్నది కూడా కనుక్కోండి. ఊళ్లుంటే సర్పంచ్ సంతకం కూడా పెట్టించండి, లేకపోతే సాయంత్రం కోత మాకెందుకని వాళ్లు వచ్చి పడతారు.