నాలుగేళ్లుగా అదే అకౌంట్స్ పని, ముందుకెళ్లేదెలా?

బీకాం చేసి హన్మకొండలో అకౌంటెంట్‌గా ఉన్నాను. ప్రతి నెలా 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్), 20కి 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్), మధ్యలో ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, జీతం మాత్రం కదలట్లేదు. ఉద్యోగం మానేసి హైదరాబాద్ పోవాలా?

జవాబు 1: మానకు తమ్మీ. డిగ్రీ ఉంది కాబట్టి సీఎంఏలో (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) మొదటి దశ ఫౌండేషన్ అక్కర్లేదు, నేరుగా రెండో దశ ఇంటర్‌లో చేరొచ్చు, రెండు గ్రూపులు, పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో. ఒక్కో గ్రూపే రాయి. నేను కాజీపేట నుంచి సికింద్రాబాద్ రోజూ రైల్లో పోయి వస్తూ, ఆ సీట్లోనే చదివి మొదటి గ్రూపు గట్టెక్కిన.

జవాబు 2: చదువుతో పాటు ఒక నోట్‌బుక్ పెట్టుకో తమ్ముడూ. 2బీలో (మనకు అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపిన బిల్లుల జాబితా) కనపడని బిల్లు పట్టుకుని, కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే క్రెడిట్ పోకుండా ఆపావనుకో, తేదీ, మొత్తం రాసిపెట్టు. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది అట్లాంటివే.

అడిగినవారు: అక్కా, పోయిన నెలే అట్లాంటి బిల్లు ఒకటి దొరికింది, రాసుకోవాలని తోచలేదు. ఇప్పుడే రాస్తున్నా.