వర్సాయ్ ప్యాలెస్ తోటలకు గైడ్ పెట్టుకోవాలా? అమ్మ బాపుతో పోతున్నం

బత్తాయితోట:
అందరికీ నమస్తే. మేము జర్మనీల ఉంటం, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర. సెప్టెంబర్‌ల అమ్మ, బాపు వస్తున్నరు, ఇండియా దాటుడు ఇదే ఫస్ట్ టైమ్. పారిస్ మూడు రోజులు అనుకున్నం, అందుల ఒక రోజు వర్సాయ్. లోపలి ప్యాలెస్ కంటే బయటి తోటలే ఎక్కువ చూపియ్యాలని ఉంది, ఎందుకంటే బాపు నల్లగొండ దిక్కు ముప్పయ్యేండ్లు బత్తాయి తోట చేసిండు, బోర్లు ఎండిపోయి సగం చెట్లు కొట్టేసినంక గూడ ఎక్కడికి పోయినా ఆయన కన్ను ముందు చెట్టు మొదలు మీదికే పోతది. అద్దాల హాల్‌ల అరగంట నిలబెడితే విసుగొస్తది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఆగకుండ గంట నడవలేదు.

పోయినేడాది నేను, మా ఆవిడ వేరే దేశంల ఒక కోట చూడనీకి గ్రూప్ టూర్ బుక్ చేసుకున్నం, ఆ గైడ్ జెండా పట్టుకొని ఒకటే ఉరుకుడు, వెనకున్నోళ్ళకు ఒక్క ముక్క వినపడలే, పైసలు పోయినయి. అందుకే భయం. తోటలకు గైడ్ అవసరమా, లేకుంటే మేమే తిరగొచ్చా? ఏ రోజు పోతే మంచిది? పోయొచ్చినోళ్ళు కొంచెం వివరంగ చెప్పండి.

సెన్_ఒడ్డున:
ఏడేళ్ళుగా ఇక్కడే ఉన్నా, వచ్చిన ప్రతి చుట్టాన్నీ తీసుకెళ్ళి తీసుకెళ్ళి దారులన్నీ నోటికొచ్చేశాయి. ముందు రోజు సంగతి. సోమవారం ప్యాలెస్ మూసేస్తారు, అది వదిలేయండి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వీకెండ్స్‌లో ఫౌంటెన్లు వదులుతారు, టికెట్ వేరే ఉంటుంది కానీ ఆ రోజే వెళ్ళండి. బోస్కేలని ఉంటాయి, అంటే చుట్టూ ఎత్తైన చెట్ల గోడ, మధ్యలో గదిలాంటి తోట, వాటిలో చాలావరకు మామూలు రోజుల్లో తాళం వేసే ఉంటాయి, నీళ్ళు వదిలే రోజుల్లో తీస్తారు. బాల్‌రూమ్ బోస్కే అని ఒకటుంది, మెట్లు మెట్లుగా పేర్చిన రాళ్ళ మీంచి గవ్వల మీంచి నీళ్ళు దిగుతుంటాయి, అది మాత్రం మిస్సవ్వద్దు.

ఇక గైడ్ విషయం. నా మాట అయితే తోటకే గైడ్ కావాలి, ప్యాలెస్‌కి ఆడియో గైడ్ చాలు. గదుల్లో వస్తువులు కళ్ళకి కనిపిస్తాయి, తోటలో అసలు కథంతా భూమి కింద ఉంది. ఈ తోటని డిజైన్ చేసిన లే నోత్ర్ 1661లో పని మొదలుపెట్టినప్పుడు అక్కడ నీళ్ళే లేవు, ఉన్నది బురద నేల. 14వ లూయీకేమో వందల ఫౌంటెన్లు కావాలి. చెరువులు తవ్వారు, సరిపోలేదు. సెన్ నది మీద మార్లీ దగ్గర 14 పెద్ద చక్రాలు పెట్టి నీళ్ళని దాదాపు 150 మీటర్లు పైకి ఎక్కించారు, 1684లో మొదలైంది, మీ నాన్నగారికి ఆ కాలం ఎత్తిపోతల పథకం అని చెప్పండి వెంటనే పట్టేసుకుంటారు. అదీ చాల్లేదు. 1685లో యూర్ నదిని మళ్ళిద్దామని వేలమంది సైనికుల్ని పనిలో దింపారు, యుద్ధం వచ్చి ఆగిపోయింది, మాంతెనాన్‌లో ఆ సగం కట్టిన కాలవ వంతెన ఇప్పటికీ నిలబడే ఉంది.

ఇన్ని చేసినా అన్ని ఫౌంటెన్లూ ఒకేసారి తిప్పడానికి నీళ్ళు చాలేవి కావు. అందుకని రాజు తోటలో నడుస్తుంటే పనివాళ్ళు దూరం నుంచి చూసి ఈలలు వేసుకునేవాళ్ళు, ఆయన దగ్గరికి రాగానే ఈ ఫౌంటెన్ తిప్పు, దాటగానే కట్టెయ్, తర్వాతది తిప్పు. మన కాలవల మీద లస్కర్లు వంతులవారీగా (వారబందీ) నీళ్ళు వదలడానికి తూములు ఎత్తి దించినట్టే. ఇది చెప్పే మనిషి లేకపోతే మీకు కనిపించేది గడ్డీ బొమ్మలూ అంతే.

మొక్కలపిచ్చి:
పైన చెప్పిందంతా కరెక్టే కానీ బత్తాయి రైతుని తీసుకెళ్తూ ఆరెంజరీ గురించి, అదే నారింజ చెట్లని చలి నుంచి కాపాడే కట్టడం గురించి ఎవరూ ఎత్తలేదేంటి!! ప్యాలెస్‌కి ఎడమ పక్క పూలతోట చివర గోడ దగ్గర నిలబడి కిందికి చూస్తే అదే. 1684 - 86 మధ్య కట్టారు, దక్షిణం వైపు మొహం, మందమైన గోడలు, లోపల 150 మీటర్లకు పైగా పొడుగు హాలు. చలికాలం చెట్లన్నీ లోపలే ఉంటాయి, మే మధ్య నుంచి అక్టోబర్ దాకా బయట వరసలుగా పెడతారు. వెయ్యికి పైగా చెట్లు, నారింజ, నిమ్మ, దానిమ్మ, కొన్ని రెండొందల ఏళ్ళు దాటినవి. అన్నీ చెక్క డబ్బాల్లోనే. ఆ డబ్బాల పక్కపలకలు ఊడొచ్చేటట్టు చేశారు, చెట్టుని కదపకుండా పక్కనుంచి పాతమట్టి తీసి వేర్లు కత్తిరించి కొత్త మట్టి నింపడానికి. ఇది మాత్రం మీ నాన్నగారికి దగ్గర నుంచి చూపించండి ప్లీజ్. అక్కడికి దిగడానికి అటూ ఇటూ పెద్ద మెట్లున్నాయి, ఒక్కో వైపు వంద, అమ్మగారిని పైనే కూర్చోబెట్టండి.

ఇంకోటి, పొటాజే ద్యు రువా అని రాజుగారి కూరగాయల తోట. మెయిన్ గేటు నుంచి పది నిమిషాల నడక, టికెట్ వేరు, తెరిచే రోజులు వాళ్ళ సైట్‌లో చూసుకోండి. 9 హెక్టార్లు. లా కాంతినీ అనే ఆయన 1678 నుంచి ఐదేళ్ళు కష్టపడి చేశాడు, ఆయన మొదట లాయర్ అట, చెట్ల మీద ప్రేమతో ఇటొచ్చేశాడు. కంపుకొట్టే చిత్తడి గుంట అది, పక్కన స్విస్ సైనికులు తవ్విన చెరువు మట్టి తెచ్చి పూడ్చి తోట చేశారు. గోడలకి ఆనించి పియర్ కొమ్మల్ని అడ్డంగా కట్టి పెంచుతారు, పగలు గోడ పట్టిన వేడి రాత్రి కాయకి అందుతుంది. నేను ఆ గోడల దగ్గరే రెండు గంటలు ఉండిపోయా, ప్యాలెస్ లోపలికి వెళ్ళనే లేదు, ఇప్పటికీ బాధ లేదు.

నెమ్మదినడక:
మా అమ్మకీ మోకాళ్ళే సమస్య కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. మొత్తం ఎస్టేట్ 800 హెక్టార్లు, మన లెక్కలో దాదాపు 2,000 ఎకరాలు, గ్రాండ్ కెనాల్ ఒక్కటే కిలోమీటరున్నర పైన పొడుగు. ప్యాలెస్ మెట్ల మీద నిలబడితే కెనాల్ ఇక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది, నడవడం మొదలుపెట్టాక తెలుస్తుంది అసలు దూరం, పైగా వెళ్ళేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు, కింద సన్న గులకరాయి. చెప్పులు వద్దు, షూస్ వేయించండి. పెతీ త్రాన్ అని చిన్న బండి ట్రియనాన్లకీ (ఎస్టేట్‌లోనే దూరంగా ఉన్న రెండు చిన్న ప్యాలెస్‌లు) కెనాల్‌కీ తిరుగుతుంది, వెళ్ళేటప్పుడు నడిచినా తిరుగు ప్రయాణం దాంట్లో పెట్టుకోండి. ట్రియనాన్లు మధ్యాహ్నం 12కి గానీ తీయరు, పొద్దున్నే అటు పరిగెత్తొద్దు.

గైడ్ రోజంతా అక్కర్లేదండి, గంటన్నర చాలు. మేము రోజంతా పెట్టుకుని మధ్యాహ్నానికి అమ్మ వినే ఓపిక పోయింది, పాపం మొహమాటానికి తల ఊపుతూ కూర్చుంది.

యానాం_నుంచి:
మా తాతగారు ఫ్రెంచి యానాంలో చదువుకున్న మనిషండి, వర్సాయ్ అంటే మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్న పేరు. గైడ్‌ని బుక్ చేసేటప్పుడు గీద్ కాన్ఫెరాన్సియే కార్డు ఉందా అని అడగండి, ఇక్కడ మ్యూజియంలలో చారిత్రక కట్టడాల్లో గైడింగ్ చెయ్యాలంటే ఆ ప్రొఫెషనల్ కార్డు ఉండాలి. గ్రూప్ కాకుండా మీ కుటుంబానికే తీసుకోండి, ఖర్చు ఎక్కువే, కానీ మీరు తెలుగులో చెప్పుకునేంత సేపు ఆగుతారు. ముందే ఒక మెయిల్ పెట్టండి, మా నాన్న రైతు, పెయింటింగుల కంటే నీళ్ళూ మట్టీ గురించి చెప్పండి అని. మేమలా రాస్తే ఆవిడ ఎంత సంతోషపడిందో.

అన్నట్టు ఈ తోట ఎలా చూపించాలో 14వ లూయీ స్వయంగా రాయించాడండి, 1689లో మొదటిసారి. ప్యాలెస్‌లోంచి బయటికొచ్చి మెట్ల మీద ఆగి చూడాలి అంటూ మొదలవుతుంది. మీరూ అక్కడే ఒక నిమిషం ఆపండి అమ్మగారిని, కూర్చోబెట్టి లతోనా ఫౌంటెన్ చూపించండి. చంటిపిల్లలతో దాహమేసి వచ్చిన లతోనా అనే తల్లిని రైతులు నీళ్ళు తాగనివ్వకుండా మడుగుని బురద చేసేస్తే ఆ రైతులంతా కప్పలైపోయారని కథ, సగం మనిషి సగం కప్ప బొమ్మలు కనిపిస్తాయి. శాపాల కథలు మన అమ్మలకి ఒకసారి చెప్తే చాలు.

ఇంకో ముక్క, 1788 ఆగస్టులో టిప్పు సుల్తాన్ పంపిన రాయబారులు 16వ లూయీని కలిసింది ఈ ప్యాలెస్‌లోనేనండి.

బత్తాయితోట:
అందరికీ థ్యాంక్స్, పోయొచ్చినం. శనివారం పోయినం, రెండు గంటలు గైడ్‌ని మాకే పెట్టుకున్నం, ముందే మెయిల్ పెట్టిన. ఈలల ముచ్చట చెప్పంగనే బాపు ఆపి, మా సాగర్ ఎడమ కాలువ మీద గూడ గిట్లనే, చివరి భూములకు నీళ్ళు రాకపోయేదని ఆమెకు చెప్పుమన్నడు, చెప్పిన, ఆమె రాసుకుంది.

అమ్మ లతోనా దగ్గర బెంచీ మీద గంట కూసుంది, కప్పలు చూసుకుంట. మేమిద్దరం ఆరెంజరీ దిగినం. బాపు ఒక డబ్బా దగ్గర గొంతుక్కూసొని పక్కపలక కింది ఇనుప పట్టీ చూసిండు, మట్టి దిక్కు చూసిండు, తర్వాత ఒక ఆకు చూపిచ్చి నారింజదే, కాడ దగ్గర చిన్న రెక్క ఉంది చూడు అన్నడు. ఇంత చలి దేశంల రెండొందల ఏండ్లు బతికించిన్రా అని రెండుసార్లు అడిగిండు. తిరిగి ఎక్కేటప్పుడు మాత్రం నలభై మెట్లకోసారి ఆగినం.

కూరగాయల తోటకు టైమ్ సరిపోలే, అమ్మ అలిసిపోయింది. రైల్ల వచ్చేటప్పుడు బాపు నా ఫోన్ తీస్కొని డబ్బా ఫోటో పెద్దగ చేసి, ఈ పలక మందం ఎంత ఉంటదిరా, మనింటెనక డాబా మీద రెండు చేపియ్యొచ్చు అన్నడు. ఎవరి దగ్గరన్న ఆ డబ్బా కొలతలు ఉంటే ఇక్కడ పెట్టండి.